ఫైబర్ బోటుకు ఏ లంగరు కొనాలి? ఇచ్ఛాపురం నుంచి ముక్కాం దాకా మన తీరానికి సరిపడే సామాను

లంగరు కోసం వెళ్తే దుకాణంలో మొదట వినపడే మాట "ఎన్ని కిలోలది ఇమ్మంటారు?" అని. అడిగేవాళ్ల తప్పేం లేదు, ఇనుము కిలో లెక్కన అమ్ముడుపోయే సరుకు. కానీ బోటు నిలబడడం లంగరు బరువొక్కదాని మీదే ఉండదు. కొనేముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి. బోటు నిలిపే చోట అడుగున ఉన్నది ఇసకా, బురదా, రాయా? అక్కడ నీరు ఎంత లోతు? బోటు మీద మనిషి ఉంటాడా, రాత్రంతా ఖాళీగా వదిలేస్తారా? కిలోల సంగతి ఆ తర్వాతే.

ఈ సమీక్ష 26 నుంచి 30 అడుగుల ఫైబర్ బోటు, వెనక 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను ఉన్నవారి కోసం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మన తీరం పెద్ద రేవులు లేనిది కాబట్టి వేట అయ్యాక బోటును ఇసక మీదికి లాగేయడమే ఆనవాయితీ. లంగరుతో నిలపాల్సి వచ్చేది వేరే సందర్భాల్లో. కెరటాలు విరిగే చోటు దాటి బయట ఆగి సరుకు దింపేటప్పుడు ఒకటి, వల వేసి తెల్లవార్లూ కాచుకునేటప్పుడు ఇంకొకటి, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లోపల ఏటిలో బోటును రోజుల తరబడి కట్టి ఉంచేటప్పుడు మరొకటి. ఈ మూడింటికీ ఒకే సామాను సరిపోదు.

ముందే తేల్చి చెప్పేస్తాం. మన తీరంలో ఎక్కువ భాగం అడుగు ఇసకే. అక్కడికి 10 నుంచి 12 కిలోల రెక్కల లంగరు, దానికి 6 మీటర్ల 10 మి.మీ. గొలుసు, ఆ గొలుసుకు 50 మీటర్ల 14 మి.మీ. నైలాన్ మోకు. డబ్బు సరిపోకపోతే లంగరులో రెండు కిలోలు తగ్గించుకోండి, గొలుసులో మాత్రం ఒక్క మీటరు కూడా తగ్గించకండి. 20 కిలోల లంగరు కొని దానికి నేరుగా ప్లాస్టిక్ తాడు కట్టుకునేవాళ్లకంటే, 10 కిలోల లంగరుకు గొలుసు వేసుకున్నవాళ్ల బోటే గట్టిగా నిలబడుతుంది. కారణం చూద్దాం.

లంగరు పని చేసేది కిందికి ఉన్న బరువుతో కన్నా, అడుగున గుచ్చుకున్న పట్టుతో. దాని కాడ (గొలుసు తగిలించే పొడవాటి కడ్డీ) నేలకు ఆనుకుని ఉండగా లాగితే రెక్క లోపలికి దిగుతుంది. అదే కాడను పైకి లేపి లాగితే రెక్క ఊడి వచ్చేస్తుంది. మనం ఇంటికి వెళ్లేటప్పుడు లంగరు ఎత్తేది అలాగే కదా, బోటును దాని నెత్తి మీదికి తెచ్చి నిట్టనిలువుగా లాగుతాం. తాడు పొట్టిగా ఉంటే ప్రతి కెరటమూ ఆ పనే చేస్తుంది. అందుకే గొలుసు బరువు కాడను నేలకు అదిమి ఉంచాలి, మోకు పొడవుగా ఉండాలి.

మోకు ఎంత వదలాలో ఒక లెక్క ఉంది. నీటి లోతుకు పోటు ఎత్తునూ, నీటి మీద నుంచి బోటు ముందు కొసకు ఉన్న ఎత్తునూ కలపాలి. అమావాస్య, పున్నమిలకు మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. పాటు వేళ 4 మీటర్ల నీరున్న చోట ఆగారనుకోండి. పోటుకు ఇంకో 1.5, బోటు ముందు కొసకు 0.8, మొత్తం 6.3 మీటర్లు. మామూలు గాలికి దీనికి ఐదు రెట్లు, అంటే 32 మీటర్లు వదలాలి. గాలి లేచినా, రాత్రి వదిలి వెళ్లినా ఏడు రెట్లు, అంటే 44 మీటర్లు. మూడు రెట్లతో సరిపెడితే తాడు బిగిసినప్పుడు నేలతో దాదాపు 20 డిగ్రీల కోణం చేస్తుంది. ఐదు రెట్లకు అది పదకొండున్నర, ఏడు రెట్లకు ఎనిమిది డిగ్రీలు. మూడుకూ ఐదుకూ మధ్యే పెద్ద తేడా పడుతుంది. పాటు వేళ కొలిచి, పోటు సంగతి మరిచి, సరిగ్గా సరిపడా తాడు వదిలిన బోటు అర్ధరాత్రి పోటు నిండేసరికి లంగరును తానే పీకేస్తుంది. మనవైపు బోట్లు కొట్టుకుపోయేది చాలావరకు ఇలాగే.

ఎంత బలాన్ని ఆపాలో కూడా అంకెల్లో చూడండి. బోటు ముందు నుంచి గాలికి ఎదురయ్యే భాగం రెండు చదరపు మీటర్లు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల గాలి దాన్ని 15 కిలోల బలంతో నెడుతుంది. 60 కిలోమీటర్ల గాలికి అది 34 కిలోలు. గాలి ఒకటిన్నర రెట్లు పెరిగితే నెట్టే బలం రెండు రెట్లకు మించుతుంది. బోటు అడ్డం తిరిగితే అదే 60 కిలోమీటర్ల గాలికి 120 కిలోల దాకా వస్తుంది. ఇది ఒక్క గాలి లెక్క. కెరటం బోటును ఎత్తి వెనక్కి విసిరినప్పుడు పడే జెర్కు దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే లంగరు తాడును ఎప్పుడూ ముందు కొసకే కట్టాలి. వెనక్కి గానీ, మధ్య బల్లకు గానీ కట్టొద్దు.

ఇక సరుకు దగ్గరికి వద్దాం.

కొక్కేల లంగరు మన దగ్గర అందరికీ తెలిసినదే. ఊళ్లో వెల్డింగు షాపులో నాలుగు కొక్కేలు వంచి కాడకు అతికిస్తారు, చవగ్గా అయిపోతుంది. రాళ్లలోనూ, మునిగిన చెట్ల మొద్దుల్లోనూ బాగా పట్టేస్తుంది. ఇసకలో మాత్రం దీని మీద ఆధారపడకండి. నాలుగు కొక్కేల్లో రెండే నేలలోకి దిగుతాయి, అవీ సన్నని చువ్వలు. తడి ఇసకలో గీత గీసుకుంటూ వెనక్కి నడుస్తాయి. దుక్కికి దువ్వెన పెట్టినట్టే. వల వేసి మనుషులు మేలుకుని కూర్చున్నప్పుడు గంటా రెండు గంటలకు చాలు, ఖాళీ బోటును రాత్రికి అప్పగించడానికి చాలదు.

చేయించుకుంటే ఎలా చేయించుకోవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే చెడేది ఇక్కడే. చాలామంది ఇంటి స్లాబుకు మిగిలిన 12 మి.మీ. గాట్ల చువ్వతో పని కానిచ్చేస్తారు. ఆ సన్నటి కొక్కెం రాయికి పట్టుకున్నప్పుడు సాపుగా నిటారైపోతుంది. గుండ్రటి మైల్డ్ స్టీల్ రాడ్డు అడగండి. కాడకు 25 మి.మీ., కొక్కేలకు 20 మి.మీ. బరువు లెక్క వెల్డరుకు తెలిసిందే: రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో అదే అంకెతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 25 మి.మీ.కి 3.86, 20 మి.మీ.కి 2.47. కాడ 80 సెంటీమీటర్లు, కొక్కెం ఒక్కొక్కటి 45 సెంటీమీటర్లు వేసుకుంటే మొత్తం ఏడున్నర కిలోలు తేలుతుంది. కొక్కేలను కాడ కొసకు విడివిడిగా అతికిస్తే విరిగేది ఆ అతుకు దగ్గరే. రెండు పొడవాటి రాడ్లను మధ్యలో వంచి, ఒకదానిలో ఒకటి అడ్డంగా కూర్చి కాడకు వెల్డింగు చేయిస్తే బలం అతుకు మీద కాకుండా రాడ్డు మీద పడుతుంది. పైన రింగే కాక, కింద కొక్కేలు కలిసే చోట కూడా ఒక చిన్న రింగు వేయించండి. దాని పని తర్వాత చెప్తాం.

రెక్కల లంగరును దుకాణాల్లో డాన్‌ఫోర్త్ అంటారు. రెండు చదునైన రెక్కలు, మధ్యలో కాడ, అడుగున అడ్డ కడ్డీ. బాగా దిగితే ఇసకలో తన బరువుకు ఇరవై రెట్లకు పైగా ఆపగలదు. మన తీరానికి ఇదే మా మొదటి ఎంపిక. చదునుగా మడుచుకుంటుంది కాబట్టి బోటులో వల మీద పెట్టినా చోటు తినదు, కొక్కేల లంగరులా వలను చింపదు.

కొనేటప్పుడు కింద పెట్టి చూడండి. కాడను పట్టుకుని లంగరును అటూ ఇటూ తిప్పితే రెక్కలు రెండూ కలిసి, అడ్డు లేకుండా, తమంతట తామే ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పడాలి. బిగుసుకుపోయే రెక్క నీటి అడుగున వెల్లకిలా పడితే అలాగే ఉండిపోతుంది. రెక్కకూ కాడకూ మధ్య పూర్తిగా తెరుచుకున్న కోణం 30 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమాని తీసుకెళ్లండి, అదే చాలు. వెల్డింగు షాపులో నకలు తీసి చేసినవాటిలో ఈ కోణం 45 దాకా పోతుంటుంది. మెత్తటి బురదకు అది పనికొస్తుంది గానీ గట్టి ఇసకలో ముక్కు దిగకుండా బోర్లా పల్టీ కొడుతుంది. రెక్కల మొనలు పదునుగా ఉన్నాయో లేదో వేలితో చూడండి. మొండి మొన గట్టి ఇసక మీద జారుతూనే ఉంటుంది.

దీని లోపాలూ చెప్పాలి. పోటు, పాటు మారి నీరు ఎదురు తిరిగితే బోటు లంగరును దాటి అవతలికి పోతుంది, గొలుసు వెనక నుంచి లాగుతుంది, రెక్క ఊడుతుంది. ఊడిన రెక్క మళ్లీ తనే గుచ్చుకోవచ్చు, గుచ్చుకోకపోవచ్చు. రెక్కకూ కాడకూ మధ్య గవ్వో, చిన్న రాయో, పాత వల ముక్కో ఇరుక్కుంటే ఇక తిరగదు. అందుకే గాలి దిక్కు మారే రాత్రి, నీరు రెండు వైపులా పరిగెత్తే ఏటి మొగలో దీన్ని ఒంటరిగా నమ్మకూడదు.

నాగలి లంగరు ఆ సమస్యకు మందు. దున్నే కర్రు లాంటి ఒకే మొన ఉంటుంది. 1933లో జి.ఐ. టేలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రూపొందించిన నమూనా నుంచి వచ్చిన కుటుంబం ఇది. లాగుడు దిక్కు మారితే ఊడకుండా లోపల్లోపలే తిరుగుతుంది, ఊడినా తొందరగా మళ్లీ దిగుతుంది. అయితే అదే బరువుకు ఇసకలో రెక్కల లంగరంత ఆపదు కాబట్టి 12 నుంచి 15 కిలోలది తీసుకోవాలి. ఖరీదు ఎక్కువ, చదునుగా మడవదు, అన్ని చోట్లా దొరకదు. పర్యాటకుల బోట్లు నడిపేవాళ్లకు, రాత్రిళ్లు మనిషి లేకుండా బయట వదిలేవాళ్లకు ఆ ఖర్చు తగినదే. రోజూ ఒడ్డుకు లాగేసే వేట బోటుకు అవసరం లేదు.

సిమెంటు దిమ్మ మీద చాలామందికి ఉన్న నమ్మకం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. క్వింటాలు దిమ్మ పోసి, గొలుసు కట్టి, "ఇంక కదలదు" అనుకుంటారు. నీటిలోకి దిగగానే ఆ క్వింటాలు 57 కిలోలు అవుతుంది, ఎందుకంటే దిమ్మ తన పరిమాణమంత ఉప్పునీటిని తొలగిస్తుంది. ఇసక మీద జారకుండా ఆపేది ఆ 57లో సుమారు సగం, అంటే 28 కిలోలు. పైన చెప్పిన 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా వచ్చినా 34 కిలోలు నెడుతుంది. దిమ్మ జారిపోతుంది. పైగా కెరటం బోటును ఎత్తినప్పుడు దిమ్మ కూడా కాస్త లేస్తుంది, ఆ క్షణంలో ఆపే బలం ఇంకా తగ్గుతుంది. మెత్తటి బురద ఉన్న ఏటిలో, కెరటం లేని చోట, నెలల తరబడి కదలకుండా ఉండి సగం మునిగిన 300 కిలోల దిమ్మ వేరు, అది పనికొస్తుంది. పోసేటప్పుడు ఇనుప కొక్కెం పెట్టకండి, కాంక్రీటు పైకి తేలిన చోటే తుప్పు తినేస్తుంది. గొలుసునే దిమ్మలో గుండా దింపి, అడుగున అడ్డంగా కడ్డీ వేసి పోయండి.

రాయి లంగరుగా పనికిరాదు. అదే 12, 15 కిలోల రాయిని వల సంచిలో పెట్టి, మోకు మీద జారేలా కట్టి, నీటి సగం లోతు దాకా దింపితే మంచి సహాయం చేస్తుంది. తాడును కిందికి వంచి ఉంచుతుంది, జెర్కును తింటుంది. గొలుసు పొడవు చాలనివాళ్లకు ఇది చవకైన మార్గం.

గొలుసు కొనేటప్పుడు కంటి పని చాలా ఉంది. మెరిసే గొలుసును చూసి మోసపోకండి. తళతళలాడేది కరెంటుతో వేసిన పలచని జింకు పూత, ఉప్పునీటిలో ఒక్క వేట కాలం కూడా తట్టుకోదు. మసక బూడిదరంగులో, కాస్త గరుగ్గా ఉండేది కరిగిన జింకులో ముంచి తీసినది. అదే కావాలి. పొట్టి కన్నెల గొలుసే తీసుకోండి, కన్నె అంటే గొలుసులోని ఒక్కో వలయం. గేట్లకు వాడే పొడుగు కన్నెల గొలుసు వంగి తెగుతుంది. కన్నె కన్నెకూ అతుకు పూర్తిగా కలిసిందా అని గోరుతో తడిమి చూడండి, సందు తగిలితే వద్దనండి. 8 మి.మీ. గొలుసు మీటరుకు దాదాపు కిలోన్నర, 10 మి.మీ.ది రెండుంబావు కిలో తూగుతాయి. తూకంలో దీనికి బాగా తక్కువ వస్తే మందం తక్కువని అర్థం. 6 మీటర్ల 10 మి.మీ. గొలుసు అంటే పదమూడు కిలోలకు పైమాటే, అంటే లంగరు కన్నా బరువు. అది సరైనదే.

మోకు విషయంలో నీలం, పచ్చ రంగుల్లో దొరికే ప్లాస్టిక్ తాడు, డాన్‌లైన్ రకాలు, లంగరుకు కొనకండి. వలలకు అవి మంచివే. లంగరుకు రెండు కారణాల వల్ల చెడ్డవి. అవి నీటి మీద తేలతాయి, గాలి తగ్గి తాడు సడలినప్పుడు పక్క బోటు ఇంజను రెక్క దాన్ని కోసేస్తుంది. సాగవు కూడా, ప్రతి జెర్కూ నేరుగా లంగరుకూ బోటుకూ తగులుతుంది. పైగా ఎండకు పెళుసై పొడిలా రాలతాయి. నైలాన్ మునుగుతుంది, బలం పడినప్పుడు సాగి మళ్లీ ముడుచుకుంటుంది. 14 మి.మీ. కొత్త నైలాన్ మోకు తెగడానికి దాదాపు నాలుగు టన్నుల బలం కావాలి. అంత ఎందుకంటే తడిసినప్పుడు కొంత, ముడి వేసినప్పుడు ఇంకో మూడో వంతుకు పైగా, ఎండకూ రాపిడికీ మరికొంత పోతుంది. చేతికి పట్టు దొరకడానికి కూడా 14 మి.మీ. కావాలి, 10 మి.మీ. మోకు తడి చేతిని కోస్తుంది. దుకాణంలోనే ఒక ముక్క బక్కెట్టు నీటిలో వేయండి, తేలితే అది నైలాన్ కాదు. 50 మీటర్లు తూస్తే ఆరు కిలోలు ఉండాలి.

మోకును గొలుసుకు నేరుగా ముడి వేస్తే వారాల్లోనే అరుగుతుంది. మోకు కొసను చెవిలా తిప్పి, లోపల ఇనుప తింబులు (మోకు అరగకుండా పెట్టే గాడి వలయం) పెట్టి, పురులు విప్పి అల్లించుకోండి. కనీసం ఐదు అల్లికలు వేయించాలి, నైలాన్ జారే సరుకు. అల్లిక దగ్గర పోయే బలం పదో వంతే. గొలుసుకూ తింబులుకూ మధ్య 10 మి.మీ. గొలుసుకు 12 మి.మీ. షాకిలు (పిన్నుతో మూసే U ఆకారపు కొక్కెం) వేయండి. దాని పిన్నును బిగించాక కన్నంలో జి.ఐ. (జింకు పూత) తీగ దూర్చి షాకిలు కాడకు చుట్టండి. తీగ లేని పిన్ను నీటి కదలికకే మెల్లగా ఊడి వస్తుంది. అక్కడ స్టెయిన్‌లెస్ పిన్ను పెట్టాలని మనసు పడకండి. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్, జింకు పూత ఇనుము ఆనుకుని ఉంటే ఇనుమే తొందరగా తినబడుతుంది.

బోటు వైపు సంగతి ఎవరూ చూడరు. ఫైబర్ మీద రింగుకు రెండు చిన్న బోల్టులు వేసి వదిలేస్తే, లంగరు పట్టినా రింగు ఫైబరుతో సహా ఊడి వస్తుంది. లోపలి వైపు 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డు, దాని మీద ఇనుప పట్టీ, వెడల్పు వాషర్లతో నాలుగు 10 మి.మీ. బోల్టులు వేయాలి. మోకు అంచు మీద రాసుకునే చోట అడుగు పొడవు పాత నీటి పైపు ముక్కను తొడిగి, జారకుండా సన్నతాడుతో కట్టండి. రాత్రి తెగిన మోకులను చూస్తే ఎక్కువగా ఆ చోటే తెగి ఉంటాయి.

వేసే పద్ధతికి వస్తే, ముందు అడుగు ఏమిటో తెలుసుకోండి. అరకిలో సీసపు గుండు అడుగు భాగాన గుంట ఉంటే దానిలో, లేకపోతే ఆ అడుగు మీదే, గ్రీజు పట్టించి దారంతో దింపండి. గ్రీజుకు అంటుకుని వచ్చేది చెప్తుంది. ముతక ఇసక, సన్న ఇసక, నల్ల బురద, లేదా ఏమీ అంటకుండా గీతలు పడిన గ్రీజు, అంటే రాయి. అదే దారంతో లోతూ తెలుస్తుంది. కెరటం తన ఎత్తుకు దాదాపు ఒకటింబావు రెట్ల లోతులో విరుగుతుంది. మీటరున్నర కెరటం రెండు మీటర్ల నీటిలో విరిగినట్టు. కాబట్టి పాటు వేళకు కనీసం నాలుగు మీటర్లు మిగిలే చోటే ఆగండి.

గాలికి ఎదురుగా మెల్లగా వెళ్లి బోటును ఆపండి. లంగరును విసరొద్దు, చేతితో దింపండి. విసిరితే గొలుసు కుప్పగా దాని మీదే పడి రెక్కకు చుట్టుకుంటుంది. నేల తగిలాక బోటును వెనక్కి పోనిస్తూ గొలుసును నేల మీద పరుస్తున్నట్టు వదలండి. లోతుకు మూడు రెట్ల మోకు పోయాక ఒకసారి పట్టి ఆపండి, లంగరు కొరుకుతుంది. తర్వాత మిగతా పొడవు వదిలి కట్టేసి, ఇంజను వెనక్కి నడిపి మెల్లగా బలం పెంచండి. ఇప్పుడు బిగిసిన మోకు మీద అరచెయ్యి ఆనించండి. పట్టిన లంగరు తాడు గట్టిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. జారుతున్న లంగరు తాడులో చిన్నచిన్న గుంజుళ్లు, వణుకు చేతికి తెలుస్తాయి. ఒడ్డున వరసలో ఉండే రెండు గుర్తులు, ముందు ఒక కొబ్బరి చెట్టు, వెనక ఒక దీపస్తంభమో గుడి శిఖరమో, చూసి పెట్టుకోండి. అవి ఒకదాని పక్కకు ఒకటి జరిగితే బోటు జరుగుతోందన్నమాటే. మోకు మీద ప్రతి ఐదు మీటర్లకూ రంగుదారం కట్టి ఉంటే చీకట్లో కూడా ఎంత వదిలారో లెక్క తెలుస్తుంది.

ఏటి మొగల్లో కథ వేరు. కళింగపట్నం దగ్గర వంశధారలో, కోనాడ దగ్గర చంపావతిలో, భావనపాడు మొగలో నీరు రోజుకు నాలుగు సార్లు దిక్కు మారుస్తుంది, ఇసక మేట వేస్తుంది, బోటు తిరగడానికి చోటు తక్కువ. అక్కడ ఒక లంగరు ఎగువకూ, ఒకటి దిగువకూ వేయండి. మొదటిది వేసి దానికి రావాల్సిన మోకుకు రెట్టింపు వెనక్కి వచ్చి రెండోది దింపండి, తర్వాత మధ్యకు వచ్చి రెండు మోకులనూ ముందు కొసకే కట్టండి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ కడితే పక్క గాలికి బోటు అడ్డంగా నిలబడుతుంది. మోకులు నీటిలో లోతుగా ఉండేలా ఒక్కో దానికి ఒక చిన్న రాయి వేలాడదీయండి. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే ఏ లంగరు వేసినా సరే, వంశధారలోంచి బోటును తీసేయండి. వరదతో వచ్చే మొద్దు, గుర్రపుడెక్క మోకుకు చుట్టుకుంటే లాగుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రాళ్లున్న చోట్లకు, ముఖ్యంగా విజయనగరం తీరంలో చింతపల్లి ముందర, కొక్కేల లంగరే వాడండి. అక్కడ పాత దీపస్తంభం కట్టిందే సముద్రంలోని రాళ్ల నుంచి ఓడలను కాపాడడానికి. గొలుసును పైన రింగుకు కాకుండా, ఇందాక చెప్పిన కింది చిన్న రింగుకు షాకిలు వేయండి. గొలుసును కాడ వెంబడి పైకి తెచ్చి, పై రింగుకు సన్నని నైలాన్ దారం మూడు చుట్లు చుట్టి కట్టండి. లంగరు ఇరుక్కుపోతే బోటును దాని మీదికి తెచ్చి, దాటించి, ఇంజను జోరుతో లాగండి. దారం తెగుతుంది, లాగుడు కింది నుంచి పడుతుంది, కొక్కేలు వెనక్కి జారి వస్తాయి. దారం మరీ గట్టిదైతే తెగదు, మరీ సన్నదైతే రాత్రి గాలికే తెగుతుంది కాబట్టి ఈ పద్ధతి మనిషి ఉన్నప్పుడే. రాత్రికి వదిలేటట్టయితే కింది రింగుకు వేరే తాడు కట్టి, పైన బెండు తేల్చండి.

తుపానుకు మాత్రం ఈ సామాను ఏదీ సరిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు ఉంది. 60 కిలోమీటర్ల గాలితో పోలిస్తే అది నెట్టే బలం ఆరు రెట్లు, దానికి తోడు ఉప్పెన నీరు లోతును మార్చేస్తుంది, మీ మోకు లెక్క తప్పుతుంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో 3వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే బోటును ఇసక మీదికి, వీలైతే సరుగుడు తోటల దాకా లాగి, ఇంజను విప్పి ఇంటికి తెచ్చుకోండి. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన కెరటాల హెచ్చరికనూ అలాగే పట్టించుకోండి, అది గాలి లేని రోజున కూడా వస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు ఈ సామాను బాగుచేసుకోవడానికి సరైన కాలం. గొలుసును మంచినీటితో కడిగి నేల మీద పరిచి, లంగరు వైపు కొస, మోకు వైపు కొస తారుమారు చేయండి, నేలకు రాసుకునే చోటు మారుతుంది. కన్నెలు ఒకదానిలో ఒకటి ఆనే చోట వెర్నియర్‌తో కొలవండి, 10 మి.మీ. గొలుసు అక్కడ 9కి దిగితే మార్చేయాలి. మోకు పురులు కాస్త విప్పి లోపల చూడండి. లోపలి పోగులు పొడిపొడిగా, ఇసక నిండి ఉంటే, పైకి బాగున్నా ఆ ముక్క కోసి చెవిని కొత్తగా అల్లించాలి. షాకిలు పిన్నులు ఏటా కొత్తవి వేయండి.